మూడో ఏడాది మార్కులు

సంచిలో రెండు చీరలు పెట్టి, వాటి మీద పుస్తకాలు కుట్టే దబ్బనాల డబ్బా పెట్టి, మళ్ళీ ఆ డబ్బా తీసి చీరల అడుగున దోపింది కోడలు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

మంచం మీద కూర్చున్న నానమ్మ ఆ సంచి మీంచి చూపు తిప్పలేదు. పక్కింటివాళ్ళు రెండు రోజులు ఊరెళ్తున్నా సరే, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసే మనిషి ఆవిడ. ఇప్పుడు వెళ్తున్నది సొంత కోడలు.

"ఒక్క ఇంటర్వ్యూకి ఇంత సంచెందుకమ్మాయ్?"

"మూడు రోజులుంటుంది అత్తయ్యా. రేపు ప్రశ్నలడుగుతారు. ఆ తరవాత రెండు రోజులూ చిరిగిన పుస్తకాలిచ్చి బాగుచేసి చూపించమంటారు. గురువారం సాయంత్రానికి వచ్చేస్తాను."

"గురువారమేనా?"

"గురువారమే. నిన్నటి నుంచి పదిసార్లు చెప్పాను."

తెర అవతల ముందుగదిలో సుత్తి దెబ్బలు ఆగకుండా వినిపిస్తున్నాయి. అక్కడ కొడుకు ఓ లావుపాటి పుస్తకం వెన్ను గుండ్రంగా తిరగడానికి కొడుతున్నాడు. మామూలుగా ఆ పనికి పాతిక దెబ్బలు చాలు. ఇవాళ ఎన్ని పడ్డాయో నానమ్మ లెక్కపెట్టడం మానేసింది. రాత్రి భోజనాల దగ్గర రేగిన గొడవ తరవాత అతను ఎవరితోనూ మాట్లాడలేదు. సుత్తితోనే మాట్లాడుతున్నాడు.

గోడవార కూర్చుని ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకున్న మనవరాలు తలెత్తింది. ఇరవై ఏళ్ళ పిల్ల. నోరు మూతపడదని ఏడాది నిండకుండానే ఇంట్లో వసపిట్ట అని పేరు పెట్టారు. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడది పలకదు.

"అమ్మా, ప్రింట్ల షాపతను ఒంటిగంటకి షట్టర్ దించేస్తాడు. మళ్ళీ మూడింటికి గానీ తియ్యడు. నీ బస్సు రెండున్నరకి. ఇప్పుడు పదకొండున్నర. మార్కులు ఉంచాలా, తియ్యాలా?"

"ఇంకోసారి చదువు."

"ఎన్నిసార్లు చదివినా అవి పెరగవమ్మా."

"చదవమన్నానా."

వసపిట్ట గొంతు సవరించుకుంది. "డిగ్రీ మొదటి ఏడాది, డెబ్భై ఒక్క శాతం. రెండో ఏడాది, డెబ్భై నాలుగు. మూడో ఏడాది, నలభై తొమ్మిది. రెండు పేపర్లు సప్లిమెంటరీలో."

సుత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

"వాళ్ళు మార్కులు రాయమన్నారా?" నానమ్మ అడిగింది.

"రాయమనలేదు నానమ్మా. రాయొద్దనీ అనలేదు. చదువు వివరాలన్నారు, అంతే. అసలు కాలేజీ వదిలి ఇరవై ఏళ్ళయినవాళ్ళు రెజ్యూమెలో మార్కులు పెట్టరు. కానీ వాళ్ళకి పెట్టుకోవడానికి వేరేవి ఉంటాయి. ఫలానా చోట పదేళ్ళు, ఫలానా చోట ఆరేళ్ళు అని. అమ్మకేముంది?"

"ఇల్లుంది," అన్నాడు తెర అవతల నుంచి కొడుకు. పొద్దున్న లేచాక అతను నోరు తెరవడం అదే మొదటిసారి.

"ఇల్లు అందులో పట్టదండీ," అంది కోడలు, సంచిలోంచి తల ఎత్తకుండా.

గొడవంతా ఒక ఉత్తరంతో వచ్చింది. కోడలు కుట్టిన ఓ పాత నిఘంటువు చేతులు మారి మారి ఎక్కడో దూరాన ఒక కాలేజీ లైబ్రరీ చేరింది. అక్కడి లైబ్రేరియన్ ఆ కుట్టు ఎవరిదో వాకబు చేసి కోడలికి స్వయంగా రాసింది. తమ దగ్గర శిథిలమైపోతున్న పుస్తకాలు వందల్లో ఉన్నాయని, వాటిని బాగుచేసే విభాగం పెడుతున్నామని, చేతిపని తెలిసి డిగ్రీ ఉన్న మనిషి కావాలని రాసింది. 'అన్నిటికంటే ముందు, ఒక్క కాగితం కూడా పోగొట్టని మనిషి కావాలి' అన్న వాక్యం కింద గీత గీసింది.

ఆ గీతే కోడలి గుండెలో గుచ్చుకుని కూర్చుంది.

ఉద్యోగం వస్తే ఆ ఊళ్ళోనే ఉండాలి. నిన్న రాత్రి కొడుకు అన్నదీ అదే. నువ్వక్కడ, నేనిక్కడానా అని. "మీరూ రండి. పుస్తకాలు అక్కడ కూడా చిరుగుతాయి," అంది కోడలు.  అతను కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆ 'మీరూ రండి' అన్న మాట దగ్గరే నానమ్మకి ముద్ద దిగడం మానేసింది.

"మొదటి రెండేళ్ళవీ రాసి మూడోది వదిలేద్దామా?" వసపిట్ట అడిగింది. "అబద్ధం కాదుగా. రాయలేదంతే."

"మధ్యలో పేజీ చింపేసినట్టుంటుందే. పుస్తకాలతో పనిచేసేవాళ్ళకి ముందు చిరుగే కనపడుతుంది."

"అయితే మూడూ రాద్దాం."

"రాస్తే అడుగుతారు. డెబ్భైల్లో ఉన్న పిల్లవి నలభైల్లోకి ఎందుకు పడ్డావమ్మా అని. ఏం చెప్పను?"

"జరిగిందే చెప్పు."

కోడలు సంచి పక్కన కూలబడింది. "పరీక్ష ముందురోజు హాల్ టికెట్ పారేసుకున్నాను, ఇల్లంతా తిరగేసినా దొరకలేదు, కాలేజీకి పోయి ఇంకోటి రాయించుకొచ్చేసరికి రెండు పేపర్లు అయిపోయాయి అని చెప్పనా? కాగితాలు కాపాడే పనికి వచ్చి?"

 నానమ్మ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

తెర పక్కకి జరిగింది. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. ముంజేతుల దాకా ఎండిన జిగురు తెల్లగా పొలుసులు కట్టి ఉంది.

"నేను నిన్ననే చెప్పాను. ఏ మార్కులూ పెట్టకు. పాత పుండు, మనమే గోక్కోవడం దేనికి?"

"నా పుండు కదండీ. గోక్కోవాలో వద్దో నేను చూసుకుంటాను."

"నీ ఒక్కదానిదేనా?" అతని గొంతు పెరగలేదు, కానీ పుల్ల విరిచినట్టుంది. "ఆ ఏడాది ఆ కాగితమొక్కటి భద్రంగా పెట్టుకునుంటే నీకు వేరే ఊళ్ళో బళ్ళో ఉద్యోగం. నాకు అక్కడే ప్రెస్సులో మిషను మీద పని. రెండు చోట్లా రమ్మన్నారు. జూన్‌లో చేరాలన్నారు. నువ్వు తప్పావు, బడివాళ్ళు వేరేవాళ్ళని తీసుకున్నారు. నిన్నొదిలి నేనొక్కణ్ణీ పోలేక ఇదిగో, ఈ జిగురు గిన్నె దగ్గర కూర్చున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళు."

"నాన్నా, మళ్ళీ ఎందుకది?" అంది వసపిట్ట.

"మళ్ళీ ఎక్కడే. రోజూ ఉన్నదేగా."

కోడలు తిరిగి ఒక్క మాట అనలేదు. ఈ విషయంలో ఆమె ఎప్పుడూ అనదు. తప్పు తనదేనని నమ్మిన మనిషి. హాల్ టికెట్ పోయినప్పటి నుంచి ఆమెకో అలవాటు పట్టుకుంది. ఏ కాగితం ఎక్కడ పెట్టినా ఓ చిన్న చీటీ రాసి అలమారా తలుపు లోపల అంటిస్తుంది. 'కరెంటు బిల్లులు, పై అర, ఎడమ పక్క.' 'పిల్ల టీకాల కార్డు, ఆకుపచ్చ డబ్బా.' ఇరవై ఒక్క ఏళ్ళ చీటీలు ఒకదాని మీద ఒకటి పడి ఆ తలుపు చేప ఒంటిలా పొలుసులు తేలింది. దాన్ని చూసి చుట్టాలు నవ్వుతారు. నానమ్మ మాత్రం ఆ అలమారా తెరవదు. ఏం కావాలన్నా మనవరాలినడిగి తీయించుకుంటుంది.

"తీసెయ్యమ్మా మార్కులు," అంది నానమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాడు చెప్పిందీ నిజమే. అడగనిది మనకెందుకు?"

"నానమ్మ కూడా నాన్న పార్టీలో చేరిపోయింది," అంది వసపిట్ట.

కోడలు అత్తగారి వంక ఒక్క నిమిషం చూసింది. పెళ్ళయిన కొత్తల్నుంచీ అత్తగారి మాట మీద ఆమెకి గురి. కుట్టు నేర్పిందీ ఆవిడే, పురుడు పోసిందీ ఆవిడే.

"సరే. తీసెయ్."

వసపిట్ట వేలు మూడుసార్లు టకటకమంది. మూడు వరసలూ పోయాయి. కంప్యూటర్‌ని తల్లి వైపు తిప్పింది. పైన పేరు, చిరునామా. కింద డిగ్రీ అని ఒక ముక్క. దాని కింద 'పుస్తకాల కుట్టుపని, ఇంటి దగ్గర' అని ఇంకో ముక్క. మిగతాదంతా తెల్లగా ఉంది.

"ఇంతేనా నేను?" అంది కోడలు.

అలా అని నవ్వబోయింది కూడా. నవ్వు సగంలో ఆగిపోయింది.

కొడుకు తెర వదిలేసి లోపలికెళ్ళాడు. పోట్లాటలో నెగ్గినవాడి అడుగుల్లా లేవు అవి.

నానమ్మ గండం గడిచిందనుకోవాలి. అనుకోలేకపోయింది. ఎందుకంటే అప్పుడే కోడలు ఓ చీటీ ముక్క చించి 'రెజ్యూమె, నీలం సంచి, పక్క అర' అని రాసింది. రాసి, దాని వంక చూసి, ఉండచుట్టేసింది.

"ఒసే, కాపీలు తెచ్చాక నువ్వే పెట్టు సంచిలో. నా చేతికివ్వకు," అంది కూతురితో.

"ఏం?"

"ఎక్కడో పారేస్తాను."

వేళాకోళంగా అనలేదు. రేపు వర్షం పడొచ్చు అన్నంత మామూలుగా అంది. అంత మామూలుగా అనడం దగ్గరే నానమ్మ లోపల ఏదో పుటుక్కున తెగింది.

ఆవిడ మంచం దిగింది. తలగడ కింద చెయ్యి పెట్టి ఎర్ర బట్ట అట్ట వేసిన పుస్తకం తీసింది. ఇంట్లో అందరికీ తెలిసిన పుస్తకమే అది. నానమ్మ ఆస్తి అంటారు. ఓ వారపత్రికలో ముప్పై ఏడు వారాలు వచ్చిన సీరియల్‌ని, వారం వారం పేజీలు విడదీసి దాచి, తన చేత్తో తనకోసం కుట్టుకున్నది. ఆవిడ బడికెళ్ళలేదు. మడతపెట్టడానికి ప్రెస్సు నుంచొచ్చిన అచ్చు కాగితాలు, ఆ ఫారాలు చూసి చూసి అక్షరాలు పట్టుకుంది. ఫారాలు వరసలో రావు కాబట్టి ఎన్నో కథలకి మొదలు తెలియకుండా చివర మాత్రమే చదివింది. మొదలూ చివరా ఉన్న కథ కావాలనిపించి కుట్టుకున్న పుస్తకం అది. ఎవరికీ ఇవ్వదు. ఎవరైనా ముట్టుకున్నా ఊరుకోదు.

"ఒరేయ్," ముందుగది వైపు పిలిచింది. "ఆ సన్న కత్తీ, తడి గుడ్డా ఇలా పట్రా."

కొడుకు తెచ్చాడు. తల్లి చేతిలో పుస్తకం చూసి నుదురు ముడేశాడు. "దానికేమైంది? బాగానే ఉందిగా."

"బాగానే ఉంది."

ఆవిడ నేల మీద కూర్చుని పుస్తకం నిలువుగా పట్టుకుంది. వెన్ను మీద ఎర్ర బట్టకి రెండు పక్కలా కత్తితో గీసింది. గీత వంకర పోలేదు. బట్ట చివర గోటితో లేపి ఒక్క ఊపున ఒలిచింది. కింద, కుట్టు మీద అడ్డంగా అతికించిన మందపాటి కాగితం బయటపడింది. పుస్తకం వెన్ను విరగకుండా ఏ బైండరైనా వేసే కాగితమే. చేతికందిన చిత్తుకాగితాల్లోంచి గట్టిది చూసి వేస్తారు.

దాని మీద తడి గుడ్డ పరిచింది.

"ఏం చేస్తున్నావు నానమ్మా?" వసపిట్ట లేచి వచ్చింది. "నువ్వు చదువుకునేది కదా. షాపు మూసేస్తాడు, నేను పోయి ప్రింట్లు తీసుకురానా?"

"ఉండు. జిగురు నాననీ."

పదినిమిషాలు.  కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కోడలు సంచి జిప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎందుకాగారో వాళ్ళకే తెలియదు. నానమ్మ మొహం చూసి ఆగారు.

గుడ్డ తీసి, కత్తి మొన కాగితం కిందికి పోనిచ్చి, నెమ్మదిగా ఒలిచింది. రెండు మడతలుగా అతికిన కాగితం. మడత విప్పింది. లేత పసుపు రంగు, ఓ మూల గుండ్రటి ముద్ర, ఇంకో మూల ఇరవై దాటిన పిల్ల ఫోటో. రెండు జడలు, బిగించిన పెదాలు, పరీక్షకి తయారైన కళ్ళు.

దాన్ని కోడలి ముందు నేల మీద పెట్టింది.

వసపిట్టే ముందు చదివింది. పైకి చదవబోయి, మొదటి రెండు మాటల దగ్గరే నోరు మూసేసుకుంది.

కోడలు కాగితాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నా హాల్ టికెట్."

"ఊ."

"ఇందులో ఎలా..."

"నువ్వు వారపత్రికలో పెట్టుకున్నావమ్మా. ఆ వారం సీరియల్ నాకు చదివి వినిపించి, గుర్తుకోసం పేజీల మధ్య పెట్టావు. నేను ఆ సాయంత్రం పేజీలు విడదీసి కుట్టడానికి కూర్చున్నాను. అది చిత్తులో పడింది. కళ్ళజోడు లేదు. మందంగా ఉందని మడిచి వేసేశాను. దేవుడి తోడు, చూసి వేసింది కాదు."

కోడలి మొహంలోకి ఏదో వెలుగు రాబోయింది. పొరపాటు. ఎవరిదైతేనేం, పొరపాటు. ఇరవై ఒక్క ఏళ్ళ బరువు దిగుతున్నట్టు ఆమె ఊపిరి వదలబోయింది.

అప్పుడు కొడుకు అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

నానమ్మ ఒలిచిన ఎర్ర బట్ట ముక్క చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, నిన్నే. ఎప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. ఇది లేత పసుపు కాగితం, మందంగా ఉంటుంది, చూశారా అత్తయ్యా అని వెతుకుతూ అడిగింది కదా. అప్పుడే."

"అప్పటికి జిగురు ఆరిందా?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లోవాళ్ళే అడగగలరు. ఇంకెవరూ అడగలేరు. ఆరితే నానబెట్టి విప్పాలి, పుస్తకం చెడుతుంది, కాగితం చిరిగినా చిరుగుతుంది, చెప్పడానికి ఓ సాకుంటుంది. ఆరకపోతే కొస పట్టుకుని లాగితే చాలు, చెక్కు చెదరకుండా వచ్చేస్తుంది. ఆరడానికి రాత్రంతా పడుతుందని అతనికి తెలుసు. ఆమెకి తెలుసు. వాళ్ళకి నేర్పిందే ఆవిడ.

"లేదు," అంది నానమ్మ. "తడిగానే ఉంది."

వసపిట్ట నెమ్మదిగా గోడవారకి జరిగి కూర్చుంది.

"మీరు నాతోపాటు వెతికారు," అంది కోడలు. గొంతులో కోపం లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "మంచం కింద దీపం పట్టుకుని చూశారు. బియ్యం డబ్బా మీరే బోర్లించారు."

"బోర్లించాను."

"నేనేడుస్తుంటే నా తల నిమిరారు."

"నిమిరాను."

"ఎందుకత్తయ్యా?"

నానమ్మ చాలాసార్లు ఈ ప్రశ్నకి జవాబులు కూర్చుకుంది. కాలేజీ పిల్లల రికార్డు పుస్తకాలు రెండు వందలు నాలుగు రోజుల్లో కుట్టి ఇవ్వాలని, చేతులు తక్కువని, ఒక్క ఏడాది ఆలస్యమైతే ఏం పోయిందిలే అనుకున్నానని. అందులో ఏదీ ఇప్పుడు నోటికి రాలేదు.

"పాసైతే మీరిద్దరూ వెళ్ళిపోతారని," అంది. "ఇద్దరికీ ఉత్తరాలొచ్చాయి. జూన్‌లో పోతామన్నారు. వాడి నాన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఈ గదిలో ఒక్కదాన్నీ ఎలా ఉండనని. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి జిగురు ఆరిపోయింది. తరవాత నువ్వు కడుపుతో ఉన్నావు. ఆ తరవాత ఎలా చెప్పాలో తెలియలేదు."

"నేనన్న మాటలన్నీ వింటూ కూర్చున్నావు," అన్నాడు కొడుకు.

"విన్నాను."

"పారేసుకునే మనిషి అని నేను దీన్ని ఎన్ని వందలసార్లు అనుంటాను. నువ్వు పక్కనే కూర్చుని ఫారాలు మడతపెట్టుకుంటున్నావు."

నానమ్మ తల దించుకుంది. అతను ఇంకేదో అంటాడని ఎదురుచూసింది. తిడితే బాగుండును. అతను భార్య వంక చూశాడు.   పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలెట్టాడు. ముంజేతుల మీది జిగురు గోళ్ళతో గీరి గీరి కడుక్కున్నాడు. పని మధ్యలో అతను అలా కడుక్కోవడం నానమ్మ ఎన్నడూ చూడలేదు.

కోడలు అప్పుడు కాగితం చేతిలోకి తీసుకుంది. వెలుగుకి పట్టి చూసింది.

"నీళ్ళు ఎక్కువ పెట్టారత్తయ్యా. ముద్ర మీద సిరా పాకింది."

"పాకిందా?"

"కొంచెం." దాన్ని రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, మీద ఓ అట్ట వేసి అదిమింది. "మీరు ఇవాళ కూడా చెప్పకుండా ఊరుకోగలిగేవారే. కాదూ?"

"ఊరుకోబోయాను."

"మరి?"

"కాపీలు నీ చేతికివ్వద్దన్నావు."

కోడలు అత్తగారి వంక చూడలేదు. కూతురి వైపు తిరిగింది. "మార్కులు మళ్ళీ పెట్టు. మూడేళ్ళవీ."

"మూడోది కూడానా?"

"అదే ముందు పెట్టు. సప్లిమెంటరీ అని కూడా ఉంచు."

"అడుగుతారమ్మా."

"అడగనీ."

"ఏం చెబుతావు? నానమ్మ గురించి చెబుతావా?"

కోడలు సంచి పక్క అర తెరిచి పెట్టింది. వసపిట్ట కాసేపు చూసి, మూడు వరసలూ తిరిగి రాసి, పన్నెండుంబావుకి ప్రింట్ల షాపుకి పరిగెత్తింది. తిరిగొచ్చి మూడు కాపీలూ తల్లికి అందించింది. కోడలు వాటిని తనే తీసుకుంది. తనే సంచి పక్క అరలో పెట్టింది. హాల్ టికెట్ కూడా, అట్టల మధ్య అలాగే ఉంచి, వాటి వెనక దోపింది. చీటీ రాయలేదు.

అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. రెండు కాకముందే కొడుకు ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి సంచి అందుకున్నాడు.

"మీరెందుకు, పనుందిగా. నేను పోగలను," అంది కోడలు.

"బస్సెక్కించి వస్తాను."

పొద్దుటి నుంచి అతను ఆమెతో మెత్తగా అన్న మాట అదొక్కటే. ఆమె కాదనలేదు. అలాగని అతని మొహంలోకి చూడనూ లేదు.

నానమ్మ గుమ్మం దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.  ఆవిడ ప్రాణమంతా కోడలి నోటి మీద ఉంది. వెళ్ళొస్తానంటుందా, అనకుండా పోతుందా.

కోడలు చెప్పులు తొడుక్కుంది. మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. ఆగింది.

"వెళ్ళొస్తానత్తయ్యా."

వెనక్కి తిరక్కుండా అంది. అయినా అంది. నానమ్మ పట్టుకున్న తలుపు వదిలింది.

కొడుకు ఏమీ అనలేదు. బస్టాండు దాకా పోయేవాడు చెప్పడానికేముంది అనుకుంది ఆవిడ. అతని వంక చూడను కూడా లేదు. వీధి మలుపులో కోడలి చీర అంచు కనపడకుండా పోయేదాకా చూసి లోపలికొచ్చింది. ముందుగదిలో సగం కొట్టిన పుస్తకం బల్ల మీద అలాగే ఉంది. పక్కన సుత్తి. గిన్నెలో జిగురు మీద మీగడ కడుతోంది. మూడు దాటితే గట్టిపడిపోతుందని దాని మీద తడి గుడ్డ కప్పింది. వాడొచ్చి పని ముగిస్తాడని.

మూడయింది. నాలుగయింది. గుడ్డ ఆరిపోతే మళ్ళీ తడిపింది.

"నాన్న ఎక్కడైనా టీ తాగుతున్నాడేమో నానమ్మా," అంది వసపిట్ట ఐదింటికి. ఆరింటికి అలాంటిదేమీ అనలేదు. ఇంటర్వ్యూ చెడుతుందని తల్లికి ఫోన్ కూడా చెయ్యలేదు.

కోడలు చెప్పినట్టే గురువారం సాయంత్రం వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఆయనేరీ అని అడిగింది. సోమవారం బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడని, కదిలాక ఇంటి దారినే తిరిగాడని, తన కళ్ళతో చూశానని చెప్పింది. అప్పుడు టైము రెండున్నర దాటి ఐదు నిమిషాలు.

కొడుకు ఆ సోమవారం ఇంటికి రాలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ రాలేదు.